అటక మీద ట్రంకు పెట్టెలో పదకొండు కార్లు, అందులో ఒకటి నాది కాదు

సెక్టార్_గుంటడు · శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఈ బొమ్మ కార్ల ఫోరంలో చదువుకుంటూ పోవడమే తప్ప ఒక్క ముక్క రాసింది లేదు. ఇవాళ రాయకుండా ఉండలేకపోతున్నా.

పండక్కి ముందు ఇంటికి రంగులు వేయిద్దామని అటక మీద సామానంతా దింపాం. నాన్న స్టీల్‌ప్లాంట్‌లో రిటైరై ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు కట్టిన మూటలు కొన్ని విప్పకుండానే కూర్మన్నపాలెం ఫ్లాట్‌లో అటకెక్కాయి. వాటి వెనక అమ్మ కాపురానికి తెచ్చుకున్న ట్రంకు పెట్టె. పైన దుప్పట్లు, వాటి కింద నా ఏడో తరగతి ప్రోగ్రెస్ కార్డు (దాన్ని అక్కడ దాచింది నేనే), ఆ కింద ఒక పాత బోర్న్‌విటా డబ్బా. చేతిలోకి తీసుకుంటే గలగలమంది. మూత తీయకముందే లోపల ఏముందో తెలిసిపోయింది.

పదకొండు కార్లు. పెయింటర్ వచ్చి “సార్, హాల్‌కి ఏ రంగు?” అని మూడుసార్లు అడిగాడట. నేను నేల మీద బాసింపట్టు వేసుకుని కార్లు వరసగా పేరుస్తున్నానట. చివరికి మా ఆవిడే ఏదో చెప్పి పంపించేసింది. మా హాలు ఇప్పుడు లేత గులాబీ రంగులో ఉంది.

వెనక్కి లాగి వదిలే ప్లాస్టిక్ అంబాసిడర్ ఒకటి, తెల్లది, స్ప్రింగు పోయింది. ముందు చక్రాలు లేని డంపర్. నల్ల టాప్ ఉన్న పసుపు ట్యాక్సీ. షిప్పులో పనిచేసే మావయ్య సింగపూర్ నుంచి తెచ్చిన పచ్చ జీపు. దాని వెనక స్టెప్నీ ఉండాల్సిన చోట ఖాకీ రంగు చొక్కా బొత్తం అంటించి ఉంది. మిగతావి రంగంతా లేచిపోయి ఏది ఏమిటో పోల్చుకోలేని చిన్నాచితకా. పదకొండోది ఎర్ర స్పోర్ట్స్ కారు. అడుగున హాట్ వీల్స్ అనీ, లియో అనీ, ఇండియా అనీ అక్షరాలున్నాయి.

ఈ ఎర్రది నాది కాదు. ఎదురు క్వార్టర్‌లో ఉండే మా క్లాస్‌మేట్‌ది. నాలుగో తరగతి వేసవి సెలవుల్లో “ఒక్క రోజుకి ఇయ్యరా” అని తీసుకున్నా. ఆ నెలలోనే వాళ్లు గాజువాకలో సొంతిల్లు కట్టుకుని వెళ్లిపోయారు. ఆ ఒక్క రోజు కాస్తా ముప్ఫై మూడేళ్లయింది.

రెండు ప్రశ్నలు. ఒకటి, వీటిని శుభ్రం చేయడం ఎలా? రెండు, ఆ డబ్బా దొరికిన రోజు నుంచి ఇవాళ్టికి మూడు వారాలు. ఈలోగా కొత్తవి పద్నాలుగు కొన్నాను. ఇది జబ్బా?

జగదాంబ64 · శనివారం, రాత్రి 11:05

స్వాగతం తమ్ముడూ. పద్నాలుగుకే జబ్బంటే ఆరువందలున్న నన్ను ఏ వార్డులో పడుకోబెడతావు?

ముందు ఆ ఎర్రదాన్ని దేనితోనూ తుడవకు. మాట్టెల్ వాళ్లు 1968లో అమెరికాలో 16 మోడళ్లతో హాట్ వీల్స్ మొదలుపెట్టారు. మనకి ఎనభైల చివర్లో, తొంభైల్లో దొరికినవి చాలావరకు లియో మాట్టెల్ పేరుతో ఇక్కడే తయారైనవి. బయటి దేశాల్లో రాని రంగులు వీటికి వేసేవారు. అందుకే ఆ దేశాల కలెక్టర్లు కూడా మన లియో కార్ల కోసం వెతుకుతుంటారు.

అడుగున ఏదైనా సంవత్సరం కనిపిస్తే దాన్ని పట్టుకుని లెక్కలు కట్టకు. అది ఆ డిజైన్‌కి హక్కులు తీసుకున్న సంవత్సరం. నీ చేతిలో ఉన్న కారు పోత పోసిన సంవత్సరం కాదు. 1970ల తేదీ చూసుకుని లాటరీ తగిలిందనుకునేవాళ్లు నెలకొకరు వస్తారిక్కడికి.

పాతసామాను · శనివారం, రాత్రి 11:11

ఎర్రది ఇస్తారా? మూడు వేలు. ఇప్పుడే పంపిస్తా. అడ్రస్ పెట్టండి.

కాపలాదారు · శనివారం, రాత్రి 11:30

పాతసామాను గారూ, ఈ విభాగంలో బేరాలు వద్దని మీకు చెప్పడం ఇది మూడోసారి. కొనుగోళ్లకి వేరే విభాగం ఉంది. పైగా ఆయన ఆ కారు తనది కాదని మొదటి పోస్టులోనే చెప్పారు.

సముద్రగాలి · ఆదివారం, ఉదయం 7:15

శుభ్రం చేయడం గురించి అడిగారు కాబట్టి నా ఏడుపు చెప్పుకుంటాను.

నాకూ ఇలాగే చిన్నప్పటివి ఏడు దొరికాయి. బాల్కనీలో పేపర్ మీద పెట్టి ఆఫీసుకి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి అమ్మ వాటిని దేవుడి కుందులతో పాటు చింతపండు వేసి తోమేసింది. “ఎంత మురికి పట్టాయిరా, చూడు ఎలా చేశానో” అంటూ సంబరంగా పళ్లెంలో పెట్టి తెచ్చింది. కుందులు బంగారంలా మెరుస్తున్నాయి. కార్లలో రంగు ఉన్నచోట పరవాలేదు, లేచిపోయినచోట లోహం నల్లగా మచ్చలు పడింది. ఒకదానికి కిటికీ అద్దం కూడా మసకబారింది, అది కొబ్బరి పీచు పుణ్యం. ఆవిడ మొహం చూసి “బాగున్నాయమ్మా” అనడం తప్ప ఏం చేయగలను?

గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు, మెత్తటి టూత్‌బ్రష్. అంతకు మించి ఏదీ వద్దు. కడిగాక నీళ్లు దులిపి, గుడ్డతో ఒత్తి, ఫ్యాన్ కింద గంటసేపు పెట్టాలి. ఇరుసుల దగ్గర నీళ్లు నిలబడితే వైజాగ్ గాలికి రెండు రోజుల్లో తుప్పు పడుతుంది. ఆరాక ఇరుసుకి ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె, సూది మొనతో.

మింది_జింక్ · ఆదివారం, ఉదయం 9:50

పై పోస్టులో చింతపండు కథ చదివి నవ్వుకున్నాను, బాధ కూడా వేసింది. కారణం చెప్తాను, మీ అమ్మగారికి వినిపించవద్దు.

నేను మిందిలో ఉన్న జింక్ స్మెల్టర్‌లో, అంటే ఖనిజం నుంచి జింకు తీసే ప్లాంటులో, ఉద్యోగం చేశాను. అది మొదలైంది 1977లో, నేను చేరింది తర్వాత. ప్లాంటు మూతపడ్డాక మనవడి కోసమని కార్లు కొనడం మొదలుపెట్టి, మనవడు అమెరికా వెళ్లిపోయినా ఆపలేదు.

మీరంతా డైకాస్ట్ అంటారే, అంటే అచ్చులో పోత పోసిన కార్లు, ఆ లోహం ఇనుము కాదు, ఇత్తడి కాదు. జమాక్ అంటారు. ఎక్కువ భాగం జింకు, అందులో సుమారు 4 శాతం అల్యూమినియం, చిటికెడు మెగ్నీషియం, కొన్ని రకాల్లో కొద్దిగా రాగి. ఈ నాలుగింటి జర్మన్ పేర్లలోంచి వచ్చిందే జమాక్ అన్న మాట. 400 డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపితే తలుపు గీతలు, బంపర్ అంచులు సహా దిగిపోతుంది. అల్యూమినియం కరగాలంటే 660 డిగ్రీలు కావాలి, అచ్చులు అంత మన్నవు. ఆట బొమ్మల వాళ్లు జింకు వెంట పడింది అందుకే.

ఇక చింతపండు. ఇత్తడి మీద చిలుము పట్టిన పై పొరని పులుపు తినేస్తుంది, కింద ఇత్తడి పెద్దగా చెదరదు. జింకు అలా కాదు, పులుపు తగిలితే అదే కరిగిపోతుంది. నిమ్మకాయైనా, వెనిగరైనా అంతే.

ఇంకో విషయం కూడా. చాలా పాత కార్లు కొన్ని బీరువాలో పెట్టినవి పెట్టినట్టే బీటలు తీసి పొడి రాలిపోతుంటాయి. జింకు, సీసం భూమిలో ఒకే ఖనిజంలో కలిసి దొరుకుతాయి. సరిగ్గా వేరు చేయకుండా పోత పోస్తే ఆ కాస్త సీసమే లోపల రేణువుల మధ్య చేరి, తేమ ఉన్నచోట ఏళ్ల తరబడి తినేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇంగ్లండ్‌లో చేసిన డింకీ టాయ్స్‌కి ఈ తెగులు బాగా ఉంది. మందు లేదు. పక్క కారుకి అంటుకుంటుందని కొందరు భయపడతారు, అంటుకోదు. మేం ప్లాంటులో జింకు శుద్ధికి తొమ్మిదులు లెక్కపెట్టేవాళ్లం, 99.99 శాతం అని. ఆ చివరి తొమ్మిది ఎందుకురా బాబూ అని విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు నా షోకేసు చూస్తే తెలుస్తోంది.

సెక్టార్_గుంటడు · ఆదివారం, ఉదయం 10:20

మాస్టారూ, దండం. మా అమ్మ కూడా నిన్న “చింతపండు నానబెట్టనా?” అని అడిగింది. డబ్బా తీసుకెళ్లి ఆఫీసు బ్యాగులో పెట్టేశాను.

లక్కపిడత · ఆదివారం, మధ్యాహ్నం 2:35

ఈ చర్చలో ఇంతవరకూ అందరూ మా నాన్న కొన్న కారు, మావయ్య తెచ్చిన కారు అంటున్నారు. నాకు ఎవరూ కొనలేదు. మా అన్నయ్యకి పుట్టినరోజుకి కారు, నాకు ఏటికొప్పాక లక్కపిడతలు. పిడతలు అందంగానే ఉండేవి, అంకుడు కర్ర మీద ఆ ఎరుపు, ఆ పసుపు ఇప్పటికీ కళ్లలో ఉన్నాయి. కానీ ఎంతసేపని ఉత్తుత్తి అన్నం వండుతాం? మా అన్నయ్య మధ్యాహ్నం నిద్రపోయినప్పుడు వాడి కారు తీసి, పిడతల మూతలన్నీ రోడ్డు పక్కన రాళ్లలా పేర్చి, మధ్యలో నడిపేదాన్ని. వాడు లేచి చూస్తే ఏడుపు. తిట్లు నాకు.

మొదటి జీతంతో అమ్మకి చీర కొన్నాను. మిగిలిన డబ్బుతో డాబాగార్డెన్స్‌లో ఒక షాపులో నీలం రంగు ట్రక్కు కొన్నాను. షాపాయన “బాబుకి ఎన్నేళ్లమ్మా?” అన్నాడు. “ఇరవై మూడు” అన్నాను. ఇప్పుడు నా దగ్గర నూట పది ఉన్నాయి. ఇప్పటికీ అదే ప్రశ్న, ఏ షాపులోనైనా.

మగపిల్లల ఆట అనుకునేవాళ్లకి ఒకటి చెప్పాలి. ఇంగ్లండ్‌లో లెస్నీ అనే కంపెనీలో భాగస్వామి జాక్ ఓడెల్. వాళ్ల అమ్మాయి చదివే బడిలో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలనే తేనిచ్చేవారట. అందుకని ఆయన ఒక రోడ్డు రోలర్‌ని అగ్గిపెట్టెలో పట్టేంత చిన్నగా చేసి కూతురికిచ్చాడు. 1953లో మొదలైన మ్యాచ్‌బాక్స్ కార్లకి ఆ పేరు అలా వచ్చింది. ఆడపిల్ల బడికి పట్టుకెళ్లడానికి చేసిన బొమ్మండీ అది.

సెక్టార్_గుంటడు గారూ, మీ ఎర్ర కారు సంగతి సరే. ఆ పచ్చ జీపుకి బొత్తం ఎవరు అంటించారు? అది నన్ను నిన్నటి నుంచీ నిద్రపోనివ్వట్లేదు.

సెక్టార్_గుంటడు · ఆదివారం, సాయంత్రం 5:10

గుర్తు లేదండీ. ఇప్పుడే మళ్లీ చూశాను. నాలుగు కన్నాల బొత్తం, ఒక కన్నంలో ఇంకా దారం ముక్క ఉంది. అరాల్డైట్‌తో అంటించినట్టుంది, చుట్టూ తేనె రంగులో గట్టిపడింది. నాన్న పనే అయ్యుంటుంది. ఆయన దగ్గర ఖాకీ చొక్కాలు చాలా ఉండేవి.

బ్లిస్టర్_బాబాయ్ · ఆదివారం, రాత్రి 8:00

పాతవాటి సంగతి అలా ఉంచండి. ఆ కొత్త పద్నాలుగు ప్యాకింగ్ విప్పారా, విప్పలేదా? విప్పకపోతే విప్పకండి. కారు వెనకుండే అట్ట కార్డు మూలలు వంగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి గోడకి తగిలించండి. విప్పిన కారుకి సగం విలువ కూడా రాదు.

సెక్టార్_గుంటడు · ఆదివారం, రాత్రి 8:04

పార్కింగ్‌లో, కారులో కూర్చునే విప్పేశానండీ. పద్నాలుగూ.

బ్లిస్టర్_బాబాయ్ · ఆదివారం, రాత్రి 8:06

రామ రామ.

సముద్రగాలి · ఆదివారం, రాత్రి 9:25

బాబాయ్ గారూ, నేనూ ఒకప్పుడు మీ మతమే. ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు, సముద్రం వైపు గది. గోడ నిండా నూట ఎనభై కార్డులు, ఒక్కటీ విప్పలేదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్. ముందు కిటికీ అద్దం పగిలింది, తర్వాత తలుపే లోపలికి ఊడొచ్చింది. మేం ముగ్గురం బాత్రూంలో కూర్చున్నాం. గాలి ఆగాక వచ్చి చూస్తే గోడ మీద ఒక్క కార్డు లేదు. నేల మీద మోకాలి ఎత్తున కాదుగానీ, పాదాలు మునిగేంత నీళ్లు, అందులో అట్టల గుజ్జు.

నాలుగు రోజులు కరెంటు లేదు. కొవ్వొత్తి వెలుగులో ఆ గుజ్జులోంచి కార్లు ఏరుతూ కూర్చున్నాను. చెప్పొచ్చేదేమిటంటే, కార్లకి ఏమీ కాలేదు. కడిగి ఆరబెడితే నూట డెబ్బై నాలుగు దొరికాయి. కొన్నప్పటి నుంచీ వాటిని ముట్టుకోవడం అదే మొదటిసారి. మా అబ్బాయికి అప్పుడు ఆరేళ్లు. టీవీ లేదు, ఫోన్లో చార్జింగ్ లేదు. ఇద్దరం తడి పరుపు మీద ఆ నాలుగు రోజులూ రేసులు పెట్టాం. అప్పటి నుంచీ కొన్నరోజే విప్పేస్తున్నా.

బ్లిస్టర్_బాబాయ్ · ఆదివారం, రాత్రి 9:50

మీ బాధ అర్థమైంది. కానీ తుపాను వస్తుందని ఎవరూ ఇల్లు కట్టుకోవడం మానరు కదా. నా కార్డులు ఇనప బీరువాలో ఉన్నాయి, అరకి రెండు పొట్లాల సిలికా జెల్. వానాకాలంలో నెలకోసారి మారుస్తాను. కార్డు మీద బొమ్మ గీసినవాడూ కళాకారుడే. దాన్ని చింపి చెత్తబుట్టలో వేయడానికి నాకు చేతులు రావు. ఎవరి పిచ్చి వాళ్లకానందం.

ముంజబండి · సోమవారం, ఉదయం 6:45

కొత్తగా చేరాను, వయసు ఇరవై రెండు. మా తాతది పద్మనాభం దగ్గర. వేసవిలో ముంజలు తినేశాక రెండు కాయల మధ్య పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకుంటూ తిరిగేవాణ్ణి. నా మొదటి డైకాస్ట్ అదే అనుకోండి. రెండు రోజులకి చక్రాలు ఎండి ముడుచుకుపోయేవి, జింక్ తెగులు కన్నా ఫాస్ట్.

ఒక సందేహం. అన్నిటి మీదా 1:64 అంటారు, అంటే నిజం బండిలో అరవై నాలుగో వంతు. నిన్న స్కేలు పెట్టి కొలిచాను. చిన్న కారూ, బస్సూ, లారీ అన్నీ ఏడు సెంటీమీటర్ల దగ్గరే ఉన్నాయి. ఇదెలా?

జగదాంబ64 · సోమవారం, ఉదయం 8:30

కొలిచి చూశావు చూడు, నువ్వు బాగుపడతావు.

లెక్క వేద్దాం. నిజం అంబాసిడర్ పొడవు దాదాపు 4.3 మీటర్లు. దాన్ని 64తో భాగిస్తే ఆరున్నర సెంటీమీటర్ల పైచిలుకు. మారుతి 800 సుమారు 3.3 మీటర్లు, అంటే ఐదు సెంటీమీటర్ల పైన చిల్లర. పదకొండు మీటర్ల సిటీ బస్సు అయితే పదిహేడు సెంటీమీటర్లుండాలి. కానీ మెయిన్‌లైన్, అంటే మామూలు చవక రకం కార్లన్నీ ఒకే సైజు ప్యాకెట్‌లో పట్టాలి, ఒకే ట్రాక్ మీద పరిగెత్తాలి. అందుకని బస్సుని నొక్కుతారు, చిన్న కారుని సాగదీస్తారు. 1:64 అనేది అక్కడ మాటవరసకి. స్కేలు ఖచ్చితంగా కావాలంటే ఖరీదైన బ్రాండ్లకి వెళ్లాలి, ఒక్కోటి వెయ్యి దాటుతుంది. మెయిన్‌లైన్ ఇంకా రెండు వందల లోపే.

అదీ దొరికితే. మా వైపు ఒక సూపర్ మార్కెట్లో కొత్త కేస్ (కార్లు వచ్చే పెట్టె) విప్పే రోజు ఎప్పుడో ముందే తెలుసుకుని ఇద్దరు ముగ్గురు వచ్చి మంచివన్నీ బుట్టలో వేసుకుపోతారు. సాయంత్రానికి అవే కార్లు నాలుగింతల రేటుకి ఆన్‌లైన్లో. మొన్న ఒక పిల్లాడు ఖాళీ పెగ్గుల (కార్లు తగిలించే కొక్కేల) ముందు నిలబడి వాళ్ల నాన్న చెయ్యి లాగుతున్నాడు. నా బుట్టలో మూడున్నాయి. ఒకటి తీసి పెగ్గుకి తగిలించి పక్కకి వెళ్లిపోయాను. ఏదిచ్చానో అడక్కండి, ఇంకా కడుపు మండుతోంది.

ఇంకో జాగ్రత్త. సూపర్ ట్రెజర్ హంట్ (హాట్ వీల్స్‌లో అరుదుగా దొరికే రకం) అని ఎవరైనా అమ్మజూపితే ముందు టైర్లు చూడండి, రబ్బరువి ఉండాలి. రంగు మామూలు పెయింటులా కాకుండా లోపలి నుంచి మెరిసినట్టుండాలి. బండి మీద ఎక్కడో చిన్నగా టీహెచ్ అని ఉంటుంది. కార్డు మీద కారు వెనక బంగారు రంగు నిప్పు గుర్తు ఉంటుంది. మామూలు కారుకి రబ్బరు టైర్లు మార్చి అమ్మేవాళ్లున్నారు. లూజ్‌గా, ప్యాకింగ్ లేకుండా కొనేటప్పుడు అడుగున రివెట్లు చూడండి, డ్రిల్ వేసిన గీతలుంటే వదిలేయండి.

లక్కపిడత · సోమవారం, ఉదయం 9:05

జగదాంబ గారూ, ఏదిచ్చారు?

జగదాంబ64 · సోమవారం, ఉదయం 9:07

డాట్సన్ 510. ఇక అడక్కండి.

సెక్టార్_గుంటడు · బుధవారం, రాత్రి 10:15

సబ్బు నీళ్లతో అన్నీ కడిగాను. ఎర్రదాని ఇరుసుకి ఒక చుక్క నూనె వేసి హాల్లో ఒక్క తోపు తోస్తే ఈ గోడ నుంచి ఆ గోడకి వెళ్లి తగిలింది. మా అమ్మాయి చదువుకుంటున్నదల్లా పుస్తకం మూసేసి వచ్చింది. పాత మ్యాచ్‌బాక్స్ ఒకటి పక్కన పెట్టి తోస్తే సగంలో ఆగిపోయింది. ఎందుకంత తేడా?

మింది_జింక్ · గురువారం, ఉదయం 5:40

ఇరుసు. హాట్ వీల్స్ వాళ్లు మొదటి నుంచీ సన్నటి తీగ లాంటి ఇరుసులు వాడారు, రాపిడి తక్కువ. అప్పటిదాకా మ్యాచ్‌బాక్స్ కార్లకి ఉన్నది లావుపాటి ఇరుసు. పిల్లలంతా వేగంగా పోయేవాటి వైపు తిరిగేసరికి 1969లో వాళ్లు కూడా సూపర్‌ఫాస్ట్ అని సన్న ఇరుసుల కార్లు తేవాల్సి వచ్చింది. మీ దగ్గరున్నది పాత రకమై ఉండవచ్చు. ఇరుసులు లావుగా, చక్రాలు బూడిద రంగులోనో నలుపులోనో ఉన్నాయా?

సెక్టార్_గుంటడు · గురువారం, ఉదయం 8:20

చక్రాలు నల్లవేనండి, ఇరుసులు లావుగానే ఉన్నాయి.

ఇంకో మాట. ఎర్రది ఇచ్చేయాలని తేల్చుకున్నాను. స్కూలు వాట్సాప్ గ్రూపులో అడిగితే వాడి నంబరు దొరికింది. గాజువాకలోనే టైర్ల షాపు పెట్టాడట. ఆదివారం వస్తానని చెప్పాను, ఎందుకో చెప్పలేదు.

పాతసామాను · గురువారం, ఉదయం 8:31

ఇచ్చేముందు ఒక్కసారి ఆలోచించండి. ఐదు వేలు.

కాపలాదారు · గురువారం, ఉదయం 8:45

పాతసామాను గారికి వారం రోజులు విశ్రాంతి.

సెక్టార్_గుంటడు · ఆదివారం, రాత్రి 9:30

వెళ్లొచ్చాను. కూర్చుని చదవండి.

షాపు ముందు లారీ టైరు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. జుట్టు పోయింది, నవ్వు మాత్రం అదే. కాసేపు వాళ్లమ్మగారి గురించి, మా నాన్న మోకాళ్ల గురించి మాట్లాడుకున్నాం. తర్వాత జేబులోంచి ఎర్ర కారు తీసి వాడి అరచేతిలో పెట్టాను. ముప్ఫై మూడేళ్లుగా మోస్తున్న బరువు దిగుతుందనుకున్నా.

వాడు అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఏట్రా ఇది?” అన్నాడు.

“నీదేరా. నాలుగో తరగతి సెలవుల్లో నీ దగ్గర తీసుకున్నాను.”

“నాది ఇది కాదు. నువ్వు నా దగ్గర పట్టుకెళ్లింది జీపు. పచ్చ జీపు. మా పెదనాన్న కలకత్తా నుంచి తెచ్చేడు. వెనక టైరు ఊడిపోతే మా అమ్మ నాన్న చొక్కా బొత్తం కోసి అంటించింది. దానికోసం నాన్న అమ్మని తిట్టేడు కూడా, డ్యూటీకెళ్లే చొక్కా అని.”

నాకు నోట మాట రాలేదు. ఆ జీపు నా ఆఫీసు టేబుల్ మీద ఉంది. వచ్చినవాళ్లందరికీ మా మావయ్య సింగపూర్ నుంచి తెచ్చాడని చెప్తున్నా. బయటికొచ్చి మావయ్యకి ఫోన్ చేశాను. “జీపేంట్రా? నేను మీకు తెచ్చింది టేప్ రికార్డర్” అన్నాడు.

లక్కపిడత · ఆదివారం, రాత్రి 9:36

బొత్తం! నేను ఆ రోజే అడిగాను!

సముద్రగాలి · ఆదివారం, రాత్రి 9:41

మీ నాన్నగారి దగ్గర ఖాకీ చొక్కాలు చాలా ఉండేవన్నారు కదా సార్. ప్లాంటులో అందరి దగ్గరా ఉండేవి.

మింది_జింక్ · ఆదివారం, రాత్రి 10:00

అరాల్డైట్ గట్టిది. ఆ బొత్తాన్ని ఎట్టి పరిస్థితిలోనూ పీకవద్దని మీ స్నేహితుడికి చెప్పండి. రంగుతో సహా లేచి వస్తుంది.

బ్లిస్టర్_బాబాయ్ · ఆదివారం, రాత్రి 10:12

జీపు ఎప్పుడిస్తున్నారు?

సెక్టార్_గుంటడు · మంగళవారం, రాత్రి 8:50

ఇచ్చేశాను. నిన్న ఆఫీసు నుంచి అటే వెళ్లాను. వాళ్ల అమ్మగారు కూడా షాపుకి వచ్చి ఉన్నారు. కళ్లద్దాలు పైకి తోసుకుని బొత్తం మీద వేలు పెట్టి చూసి, “నాలుగు కన్నాలదే” అన్నారు. అంతే. వాడి కూతురు రెండో తరగతి. జీపు అందుకుని షాపు ముందు ఇసకలోకి పరిగెత్తింది. నేను అప్పటికే తోమి, ఆరబెట్టి, నూనె వేసి ఉంచానని ఆ పిల్లకి చెప్పే ధైర్యం చేయలేదు. వాడు ఎర్రది నాకు వెనక్కిచ్చేశాడు.

వచ్చే ఆదివారం పొద్దున ఆర్‌కె బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర కలుద్దామా? ఆ టైమ్‌లో రోడ్డు మీదికి బండ్లని రానివ్వరు కాబట్టి మన బండ్లకి అడ్డుండదు. వాడు కూడా వస్తానన్నాడు, కూతురితో.

ముంజబండి · మంగళవారం, రాత్రి 9:02

నేను వస్తా. ట్రాక్ నా దగ్గరుంది, ఆరు మీటర్లు.

జగదాంబ64 · మంగళవారం, రాత్రి 9:10

వస్తున్నా. ఇంతకీ ఆ ఎర్ర లియో ఎవరిది?

సెక్టార్_గుంటడు · మంగళవారం, రాత్రి 9:55

అదే తెలియక ఇందాక దాని ఫొటో హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడికి పంపాను. ఐదు నిమిషాల వాయిస్ మెసేజ్ వచ్చింది. ఇంకా వినలేదు.